తెలుగు రచయితకు సొంత వెబ్‌సైటు: ఏ మార్గం ఎవరికి సరిపోతుంది?

తెలుగు పుస్తకాలలో ప్రచురణ వివరాలుండే పేజీ చివర ‘ప్రతులకు’ అని ఒక చిన్న జాబితా ఉంటుంది. అందులో రచయిత ఇంటి చిరునామా, ఒక ఫోను నంబరు, హైదరాబాదులోనో విజయవాడలోనో ఉన్న ఒకటి రెండు పుస్తకాల దుకాణాల పేర్లు కనిపిస్తాయి. పుస్తకం అచ్చయిన పదేళ్లకు ఆ నంబరు పనిచేయకపోవచ్చు, రచయిత ఇల్లు మారి ఉండవచ్చు, దుకాణంలో ప్రతులు అయిపోయి ఉండవచ్చు. అయినా ఎవరో రాసిన వ్యాసంలో ఆ పుస్తకం పేరు చూసిన కొత్త పాఠకుడొకరు దానికోసం వెతకడం మొదలుపెడతారు. రచయితకు వెబ్‌సైటు ఎందుకని ఎవరైనా అడిగితే ఆ పాఠకుడి కోసమే అన్నది నా మొదటి సమాధానం. ప్రచారం, గుర్తింపు, అభిమానులతో సంభాషణ వంటివన్నీ తరువాతి సంగతులు.

వెబ్‌సైటు పెట్టుకుందామని అనుకోగానే రచయిత ముందుకు అరడజను మార్గాలు వస్తాయి. బ్లాగర్ ఉంది, వర్డ్‌ప్రెస్ ఉంది, అందులో మళ్లీ రెండు రకాలున్నాయి. విక్స్ వంటి రెడీమేడ్ సేవలున్నాయి. గిట్‌హబ్ పేజెస్ వంటి ఉచిత వేదికలున్నాయి. ఇవేవీ అక్కరలేదు, ఫేస్‌బుక్ చాలునని చెప్పే మిత్రులుంటారు, అంతా మేమే చేసిపెడతామని వచ్చే చిన్న కంపెనీలుంటాయి. వీటిని పోల్చేటప్పుడు సాధారణంగా ముందు ఖర్చు చూస్తారు, తరువాత అందం చూస్తారు. నేను ఆ రెండింటికంటే ముందు చూడమనేది వేరొకటి ఉంది: ఆ సేవ మూతపడినా, దానితో మీకు పొసగకపోయినా, మీ రాతలనూ మీ వెబ్ చిరునామానూ వెంటబెట్టుకుని మరోచోటికి వెళ్లగలరా? తెలుగు సాహిత్యంతో పరిచయమున్నవారికి ఇది ఊహించి అడిగే ప్రశ్న కాదు. ‘రచ్చబండ’ వంటి సాహిత్య చర్చలు ఏళ్లతరబడి నడిచిన యాహూ గ్రూపులను (ఈమెయిలు చర్చా బృందాలను) ఆ సంస్థ 2020 డిసెంబరులో మూసివేసింది, అంతకు ఏడాది ముందే పాత సందేశాలను తొలగించింది. కూడలి, జల్లెడ వంటి సంకలినులు (బ్లాగులలోని కొత్త రాతలన్నిటినీ ఒకేచోట చూపే సైట్లు) ఆగిపోవడంతో వాటిని పట్టుకుని బ్లాగులు చదివే పాఠకులు చెదిరిపోయారు. గూగుల్ నడిపిన సామాజిక మాధ్యమం గూగుల్ ప్లస్ 2019లో పోయింది. ఇక్కడ గమనించవలసిన విషయం ఒకటుంది. సంకలినులు పోయినా తెలుగు బ్లాగులు మాత్రం ఇప్పటికీ చాలావరకు తెరుచుకుంటున్నాయి, ఎందుకంటే వాటికి విడిగా చిరునామాలున్నాయి.

సైటుకు అప్పగించే పని ఏమిటి

మార్గాలను పోల్చే ముందు సైటు ఏ పని చేయాలో తేల్చుకోవడం మంచిది, ఎందుకంటే చాలామంది రచయితలు తమకు బ్లాగు కావాలనుకుంటారు గానీ వారికి నిజంగా కావలసింది పుస్తకానికి ఒక పేజీ. ఆ పేజీలో ముఖచిత్రం, తొలి ముద్రణ సంవత్సరం, తరువాతి ముద్రణలు, ప్రచురణకర్త, పుటలు, వెల, విషయసూచిక, చదివి చూడడానికి ఒక అధ్యాయమో ఒక కథో ఉండాలి. ప్రస్తుతం ప్రతులు ఎక్కడ దొరుకుతాయో, దొరకకపోతే దొరకవనే మాటో స్పష్టంగా రాయాలి. ‘ప్రతులు లేవు, పునర్ముద్రణ ఆలోచన ఉంది’ అన్న ఒక్క వాక్యం కూడా పాఠకుడికి గంటల వెతుకులాట తప్పిస్తుంది.

రెండవది పరిచయ పేజీ. సభల నిర్వాహకులు, పత్రికల ఆదివారం అనుబంధాలవారు కార్యక్రమానికి ముందురోజు సాయంత్రం ఫోను చేసి పరిచయం, ఫోటో పంపమని అడగడం అందరికీ అనుభవమే. యాభై మాటల పరిచయం ఒకటి, రెండు వందల మాటల పరిచయం ఒకటి, అచ్చుకు పనికివచ్చే నాణ్యత గల ఫోటో ఒకటి అక్కడ ఉంచితే ఆ హడావిడి చాలావరకు తప్పుతుంది. ఆ పేజీలో మీ పేరును తెలుగులోనూ ఇంగ్లీషు లిపిలోనూ రాయండి. ఇంటిపేరు పూర్తిగా, పొడి అక్షరాలతో, కలం పేరుతో, ఇలా మీ పేరు ఎన్ని రకాలుగా చలామణిలో ఉందో అన్ని రకాలనూ ఒక వాక్యంలో ఇమిడ్చండి. తెలుగు పాఠకులలో చాలామంది తెలుగు రచయిత పేరును కూడా ఇంగ్లీషు అక్షరాలతోనే వెతుకుతారు.

ఈ రెండు రకాల పేజీలూ, ఉత్తరం రాయడానికి ఒక మార్గమూ ఉంటే సైటు తన పని చేస్తున్నట్టే. మూడు నెలలకొకసారైనా కొత్తగా రాసే అలవాటు ఉన్నవారికే వ్యాసాల విభాగం అవసరం. రెండేళ్ల కిందటి ‘త్వరలో’ అనే ప్రకటనతో ఆగిపోయిన బ్లాగు కనబడడం కంటే అసలు బ్లాగు లేకపోవడమే నయం.

డొమైన్ ఎవరి పేరున ఉంది

మీరు ఏ మార్గం ఎంచుకున్నా సొంత డొమైన్, అంటే మీ పేరున నమోదయ్యే వెబ్ చిరునామా, మాత్రం తీసుకోండి. డాట్ కామ్ గానీ డాట్ ఇన్ గానీ ఏడాదికి సుమారు 700 నుంచి 1,500 రూపాయల మధ్య ఉంటుంది. మొదటి ఏడాదికి చూపే తక్కువ ధర కాదు, రెండవ ఏటి నుంచి కట్టవలసిన ధర చూసి పోల్చాలి. ఒకేసారి పదేళ్ల వరకూ కట్టవచ్చు. మీ చేతిలో డొమైన్ ఉన్నంతకాలం వెనుక ఉన్న సేవను ఎన్నిసార్లు మార్చినా పుస్తకం అట్ట మీద అచ్చువేసిన చిరునామా మారదు.

తెలుగులోనే ఉండే డాట్ భారత్ డొమైన్లు కూడా దొరుకుతాయి. చూడడానికి ముచ్చటగానే ఉంటాయి గానీ, వాటిని ఒంటరిగా నమ్ముకోమని నేను సలహా ఇవ్వను. అలాంటి చిరునామా లోపల ‘ఎక్స్‌ఎన్’తో మొదలయ్యే ఇంగ్లీషు అక్షరాల గొలుసుగా మారి ప్రయాణిస్తుంది. కొన్ని ఈమెయిలు సేవలూ, కొన్ని దరఖాస్తు ఫారాలూ దానిని ఇప్పటికీ సరిగా స్వీకరించవు. ఇంగ్లీషు లిపి డొమైన్ ప్రధానంగా ఉంచి, దానికి తోడుగా కావాలంటే దీనిని తీసుకోవచ్చు.

అన్నిటికంటే ముఖ్యం డొమైన్ మీ పేరున, మీ సొంత ఈమెయిలుతో, మీ కార్డు లేదా యూపీఐ చెల్లింపుతో నమోదు కావడం. సైటు చేసిపెట్టిన కుర్రవాడి ఈమెయిలుతోనో, కంపెనీ ఖాతాలోనో నమోదైన డొమైన్లు, ఆ కుర్రవాడు ఉద్యోగం మారగానే లేదా ఆ కంపెనీ ఫోను ఎత్తడం మానగానే గడువు తీరి పోతాయి. అలా జారిపోయిన పేరును ఎవరో కొనుక్కుని జూదం ప్రకటనలు పెడితే, మీ పుస్తకం వెనుక అట్ట మీద ఉన్న చిరునామా పాఠకులను అక్కడికే తీసుకువెళుతుంది.

మార్గాల పోలిక

ఫేస్‌బుక్ నుంచే మొదలుపెడదాం, ఎందుకంటే తెలుగు రచయితలలో చాలామంది ఇప్పుడు ఉన్నది అక్కడే. పొద్దున పెట్టిన కవితకు మధ్యాహ్నానికల్లా యాభై స్పందనలు వచ్చే మరో చోటు లేదన్నది నిజం. అయితే అక్కడ మూడేళ్ల కిందటి రాతను వెతికి పట్టుకోవడం రాసినవారికే కష్టం. ఖాతా లేనివారు పేజీ తెరిస్తే లాగిన్ అవమనే తెర అడ్డం వస్తుంది. ఖాతా ఎవరైనా దొంగిలించినా, ఫిర్యాదుల కారణంగా నిలిపివేసినా తిరిగి తెచ్చుకోవడం సులువు కాదు. కాబట్టి ఫేస్‌బుక్‌ను చాటింపుకు వాడండి, భద్రపరచుకోవడానికి వాడకండి. ముందు మీ సైటులో ప్రచురించి, అందులో ఒక పేరాను లంకెతో సహా అక్కడ పెట్టండి. ఇదే మాట ఇన్‌స్టాగ్రామ్‌కూ, వాట్సాప్ ఛానెళ్లకూ వర్తిస్తుంది.

బ్లాగర్ 1999లో మొదలై 2003లో గూగుల్ చేతికి వచ్చింది. తెలుగు బ్లాగులు విరివిగా వచ్చిన 2006–2010 ప్రాంతంలో ఎక్కువమంది చేయిపట్టుకుని నడిచింది దీనితోనే. ఈనాటికీ దీని బలం చెక్కుచెదరలేదు: డబ్బు కట్టనక్కరలేదు, హోస్టింగ్ (సైటు ఫైళ్లను ఉంచడానికి సర్వర్ల మీద అద్దె చోటు) బెడద లేదు, సొంత డొమైన్‌ను ఉచితంగా తగిలించుకోవచ్చు, సురక్షిత కనెక్షన్‌కు విడిగా ఏమీ కొననక్కరలేదు. టపాలు (బ్లాగులో వరుసగా పెట్టే రాతలు) కాకుండా విడి పేజీలు కూడా పెట్టుకునే వీలుంది గనుక పుస్తకాల పేజీలకు ఇబ్బంది లేదు. రాసినదంతా ఒకే ఫైలుగా దింపుకోవచ్చు, ఆ ఫైలును వర్డ్‌ప్రెస్ నేరుగా తీసుకుంటుంది. బలహీనతలు రెండు. దీని రూపురేఖలు కాలం చెల్లినట్టు కనిపిస్తాయి, మార్చుకోవాలంటే టెంప్లేటు లోపలికి వెళ్లవలసి వస్తుంది. రెండవది, గూగుల్ దీనిపై పెద్దగా శ్రద్ధ పెడుతున్నట్టు కనిపించదు. బ్లాగర్‌తో పాటు చాలామంది వాడుకున్న గూగుల్ డొమైన్ల వ్యాపారాన్ని ఆ సంస్థ 2023లో స్క్వేర్‌స్పేస్‌కు అమ్మివేసింది. రేపు బ్లాగర్‌నూ మూసివేయవచ్చు. ఆ భయం ఉన్నా నేను దీనిని తోసిపుచ్చను. సొంత డొమైన్, ఏడాదికి రెండుసార్లు దింపుకున్న ఫైలు మీ దగ్గర ఉంటే, అది మూతపడిన రోజున మీరు పోగొట్టుకునేది కొద్ది రోజుల శ్రమ మాత్రమే.

వర్డ్‌ప్రెస్ విషయంలో ఒక గందరగోళాన్ని ముందే తొలగించుకోవాలి. 2003లో పుట్టిన వర్డ్‌ప్రెస్ అనే సాఫ్ట్‌వేరు స్వేచ్ఛగా లభిస్తుంది. దానిని మీరే ఒక హోస్టింగ్ సంస్థ దగ్గర చోటు తీసుకుని ప్రతిష్ఠించుకోవచ్చు. వర్డ్‌ప్రెస్ డాట్ కామ్ అనేది అదే సాఫ్ట్‌వేరును ఒక సంస్థ తన సర్వర్ల మీద నడిపి, నిర్వహణ భారం తానే మోసే సేవ. రెండవదానిలో ఉచిత పథకం తీసుకుంటే మీ పేజీలలో వారి ప్రకటనలు వస్తాయి, సొంత డొమైన్ తగిలించడానికి వీలుండదు. కింది స్థాయి చందా పథకంలో ఈ రెండు ఇబ్బందులూ తీరతాయి. కంప్యూటరు విషయాలు తెలియని, కానీ ఏడాదికి రెండు మూడు వేల రూపాయలు భరించగల రచయితకు నా మొదటి సూచన ఇదే. చూడడానికి బ్లాగర్ కంటే శుభ్రంగా ఉంటుంది, పుస్తకాల పేజీలు ఒక క్రమంలో అమర్చుకోవచ్చు, అవసరమైతే అంతా మూటకట్టుకుని సొంత హోస్టింగుకు మారవచ్చు.

సొంత హోస్టింగు మీద వర్డ్‌ప్రెస్ అన్నిటికంటే శక్తిమంతమైనది. అందరూ మొదట సిఫారసు చేసేదీ ఇదే. నా దృష్టిలో చాలామంది తెలుగు రచయితలకు ఇది అవసరానికి మించినది. దీనిలో సాఫ్ట్‌వేరును, థీమును (సైటు రూపురేఖల మూసను), ప్లగిన్లను (అదనపు సౌకర్యాలు చేర్చే చిన్న సాఫ్ట్‌వేర్లను) ఎప్పటికప్పుడు నవీకరిస్తూ ఉండాలి. ఆరునెలలు పట్టించుకోకపోతే ఏదో ఒక పాత ప్లగిన్‌లోని లోపం ద్వారా ఎవరో చొరబడి మందుల ప్రకటనలు నింపుతారు, ఆ తరువాత గూగుల్ మీ సైటు పక్కన హెచ్చరిక చూపిస్తుంది. హోస్టింగ్ ధర మొదటి ఏడాది ఆకర్షణీయంగా ఉండి, పునరుద్ధరణ నాటికి రెట్టింపో మూడింతలో అవుతుంది. బ్యాకప్ మీ బాధ్యతే. ఇంత చెప్పినా దీని అవసరం ఉన్నవారు లేకపోలేదు. పలువురు రచయితల రచనలు ఒకేచోట పెట్టే కుటుంబాలకు, తమ పుస్తకాలను తామే అమ్ముకోదలచిన రచయిత–ప్రచురణకర్తలకు, చందాదారుల విభాగం నడపదలచినవారికి ఇదే సరైనది. నెలకొకసారి గంటసేపు దానిని చూసే మనిషి పేరు మీరు ఇప్పుడే చెప్పగలగాలి, అంతే.

కంపెనీ చేసిపెట్టే సైటు సాధారణంగా ఈ సొంత హోస్టింగ్ వర్డ్‌ప్రెసే, మీద ఒక సేవా రుసుము కలుపుతారు. అందులో తప్పేమీ లేదు. ఒప్పందానికి ముందు మూడు విషయాలు కాగితం మీద పెట్టించుకోండి: డొమైన్ మీ ఖాతాలో ఉండడం, నిర్వాహకుడి పాస్‌వర్డు మీకు ఇవ్వడం, ఏటేటా కట్టవలసిన మొత్తం. మొదటి పేజీలో కదిలే బొమ్మలు, తెరుచుకునే కలం, ఎగిరే పావురాల కోసం పట్టుబట్టకండి. పాఠకులు వాటిని దాటుకుని పుస్తకం పేజీకి వెళ్లడానికి దారి వెతుక్కోవలసి వస్తుంది.

విక్స్, స్క్వేర్‌స్పేస్ వంటి సేవలలో పేజీని కళ్లముందే లాగి, అమర్చి చూసుకోవచ్చు. ఒక్క వారాంతంలో అందమైన సైటు సిద్ధమవుతుంది. సొంత డొమైన్ కావాలంటే నెలవారీ లేదా వార్షిక చందా తప్పదు. నా అభ్యంతరం ఖర్చు గురించి కాదు. విక్స్‌లో కట్టిన సైటును యథాతథంగా మరోచోటికి తీసుకుపోవడం కుదరదు, స్క్వేర్‌స్పేస్ కొంతవరకే ఎగుమతి చేస్తుంది. నలభై కథలూ అరవై వ్యాసాలూ అక్కడ ఎక్కించిన తరువాత మారవలసివస్తే, ఒక్కొక్కటీ చేత్తో నకలు చేసుకోవాలి. రాతలు పెట్టకుండా ఐదారు పుస్తకాల వివరాలు మాత్రమే పెట్టదలచినవారికి ఇది పెద్ద లోపం కాదు. అలాంటివారికి డబ్బు ఖర్చు లేని గూగుల్ సైట్స్ కూడా సరిపోతుంది, దానికీ సొంత డొమైన్ తగిలించవచ్చు.

ఇక స్థిర పేజీల పద్ధతి. హ్యూగో, జెకిల్ వంటి ఉపకరణాలతో మామూలు పాఠ్య ఫైళ్లనుంచి పేజీలు తయారుచేసి, గిట్‌హబ్ పేజెస్ వంటి చోట ఉచితంగా ఉంచడమే ఈ పద్ధతి. డేటాబేసు ఉండదు, చొరబడడానికి లోపల నడిచే సాఫ్ట్‌వేరు ఉండదు, పదేళ్లు ముట్టుకోకపోయినా పేజీ పేజీగానే ఉంటుంది. గిట్‌హబ్ ఒక్కో సైటుకు 1 జీబీ పరిమితి పెట్టింది. బొమ్మలను తగిన పరిమాణానికి కుదించి పెడితే ఒక రచయిత జీవితకాలపు రచనలన్నీ అందులో సులువుగా ఇముడుతాయి. మీ రచనలు మీ కంప్యూటరులో మామూలు ఫైళ్లుగా ఎప్పుడూ ఉంటాయి గనుక, తీసుకుపోవడం అన్న ప్రశ్నకు దీనికి మించిన సమాధానం లేదు. ఇబ్బందల్లా, చిన్న అచ్చుతప్పు దిద్దాలన్నా ఆ పద్ధతి తెలిసి ఉండాలి. సాఫ్ట్‌వేరు ఉద్యోగి లేని తెలుగు కుటుంబాలు ఈ రోజుల్లో తక్కువే గనుక మొదట పెట్టించుకోవడం కష్టం కాదు. ఆ తరువాత ప్రతి చిన్న మార్పుకూ డాలస్‌లోనో బెంగళూరులోనో ఉన్న అబ్బాయి సెలవు రోజు కోసం ఎదురుచూడడమే విసుగు పుట్టిస్తుంది. తరచుగా రాసేవారికి నేను దీనిని సూచించను. రాయవలసినది చాలావరకు రాసేసిన పెద్దలకు, దివంగత రచయితల సమగ్ర రచనలను అందుబాటులో ఉంచదలచిన వారసులకు మాత్రం ఇంతకంటే మంచిది కనిపించదు.

చందాదారులకు ఈమెయిలులో ఉత్తరాలు పంపే సబ్‌స్టాక్ వంటి సేవ సైటుకు తోడుగా పనికివస్తుంది, సైటుకు బదులుగా కాదు. చందాదారుల ఈమెయిళ్ల జాబితాను దింపుకోనివ్వడం దాని మంచి లక్షణం. మీరు చందాదారుల నుంచి రుసుము వసూలు చేస్తే అందులో 10 శాతం తీసుకుంటుంది. చెల్లింపులు స్ట్రైప్ ద్వారా సాగుతాయి, ఆ సంస్థ భారతదేశంలో కొత్త ఖాతాలను అందరికీ ఇవ్వడం లేదు గనుక ఇక్కడి రచయితలకు ఉచిత ఉత్తరాల వరకే దాని ఉపయోగం.

తెలుగు వల్ల వచ్చే చిక్కులు

ఇంగ్లీషులో రచయితల వెబ్‌సైట్ల గురించి రాసిన సలహాలలో దొరకనివి, మన ఎంపికను నిజంగా ప్రభావితం చేసేవి కొన్ని ఉన్నాయి. మొదటిది అను ఫాంట్ల సమస్య. తెలుగు పుస్తకాలు ఎక్కువగా పేజ్‌మేకర్‌లోనో ఇన్‌డిజైన్‌లోనో అను ఫాంట్లతో తయారవుతూ వచ్చాయి. అవి యూనికోడ్ (అన్ని కంప్యూటర్లూ, ఫోన్లూ ఒకేలా గుర్తించే అక్షర సంకేతాల ప్రమాణం) కావు. ఆ ఫైలులోని పాఠాన్ని నకలు చేసి సైటులో అతికిస్తే ఇంగ్లీషు అక్షరాల చెత్త తప్ప ఏమీ రాదు. మీరు యూనికోడ్‌లో టైపు చేసి ఇచ్చినా, డీటీపీ వారు దానిని అనులోకి మార్చుకుంటారు. ప్రూఫులు దిద్దేది ఆ తరువాతే. అంటే చివరి దిద్దుబాట్లతో ఉన్న శుద్ధప్రతి అనులో మాత్రమే మిగులుతుంది, మీ దగ్గరున్న యూనికోడ్ ప్రతి దిద్దనిదిగా ఉండిపోతుంది. మార్పిడి ఉపకరణాలున్నాయి గానీ ఒత్తుల దగ్గర, అరుదైన సంయుక్తాక్షరాల దగ్గర పొరపాట్లు వస్తాయి గనుక మళ్లీ ఒకసారి చదవక తప్పదు. కొత్త పుస్తకమైతే అచ్చుకు ఇచ్చేరోజునే చివరి పాఠాన్ని యూనికోడ్‌లో కూడా ఇమ్మని డీటీపీ వారితో ముందే మాట్లాడుకోండి. పీడీఎఫ్ పెట్టేస్తే చాలదా అంటారు. అను ఫాంటుతో చేసిన పీడీఎఫ్‌లో ఒక్క తెలుగు మాట కూడా వెతికితే దొరకదు, ఫోనులో చదవడం కూడా కష్టమే.

రెండవది పేజీ చిరునామాలు. తెలుగు యూనికోడ్‌లో ఒక్కో సంకేతం, వెబ్‌లో వాడే యూటీఎఫ్-8 అనే పద్ధతి ప్రకారం మూడు బైట్లు తీసుకుంటుంది. దానిని లంకెగా పంపినప్పుడు అది శాతం గుర్తులతో కలిపి తొమ్మిది అక్షరాలవుతుంది. ఒకే అక్షరంగా కనిపించే ‘స్త్రీ’లో ఆరు సంకేతాలున్నాయి, అంటే లంకెలో అది 54 అక్షరాలు. వర్డ్‌ప్రెస్ పేజీ చిరునామాకు 200 అక్షరాల పరిమితి ఉంది గనుక ఇరవై రెండు సంకేతాల దగ్గర తెలుగు శీర్షిక తెగిపోతుంది. వాట్సాప్‌లో పంపితే ఆ లంకె నాలుగైదు వరుసల గజిబిజిగా కనబడుతుంది. బ్లాగర్ దీనికి విరుద్ధంగా ప్రవర్తిస్తుంది: తెలుగు శీర్షికను పట్టించుకోకుండా ప్రతి టపాకూ ‘బ్లాగ్-పోస్ట్’ అన్న మాటకు ఒక అంకె తగిలించి వదులుతుంది. రెంటికీ మందు ఒకటే. ప్రచురించే ముందు చిరునామా గడిలో పుస్తకం లేదా కథ పేరును ఇంగ్లీషు అక్షరాలలో క్లుప్తంగా మీరే రాయండి. ప్రచురించిన తరువాత మారిస్తే పాత లంకెలు తెగుతాయి.

ఫాంట్ల సంగతి ఇప్పుడు పదిహేనేళ్ల కిందటంత కష్టం కాదు. ఆండ్రాయిడ్ ఫోన్లలో నోటో సాన్స్ తెలుగు, విండోస్‌లో నిర్మలా యూఐ ముందే ఉంటాయి. ప్రత్యేకంగా కావాలనుకుంటే సిలికానాంధ్ర స్వేచ్ఛగా విడుదల చేసిన మండలి, రామభద్ర, సూరన్న వంటివి గూగుల్ ఫాంట్స్‌లో ఉన్నాయి. వ్యాసం మొత్తానికి మండలి, శీర్షికకు రామభద్ర చక్కగా అమరుతాయి. గుణింతాల, ఒత్తుల రూపాలు వందలలో ఉండడం వల్ల తెలుగు ఫాంటు ఫైలు బరువుగా ఉంటుంది కాబట్టి రెండింటిని మించవద్దు. థీము ఎంచుకునేటప్పుడు మాత్రం ఇంగ్లీషు నమూనా చూసి మోసపోవద్దు. ఇంగ్లీషు కోసం చేసిన థీముల శీర్షికలలో వరుసల మధ్య ఎడం తక్కువగా ఉంటుంది, ‘రాష్ట్రం’, ‘వైశిష్ట్యం’ వంటి మాటల కింది ఒత్తులు తెగిపోతాయి లేదా కింది వరుస గుడికి తగులుతాయి. వరుసల ఎడం అక్షర పరిమాణానికి 1.6 నుంచి 1.8 రెట్లుండాలి. తెలుగులో వాలు అక్షరాలు వాడకండి, ఇరువైపులా సమం చేయకండి. మన మాటలు పొడవైనవి గనుక ఫోను తెర మీద సమం చేసిన పేరాలో మాటల మధ్య పెద్ద పెద్ద ఖాళీలు తేలుతాయి. ఏ సేవను పరీక్షించినా మీ సొంత పేరాను, మీ పొడవైన శీర్షికను అందులో పెట్టి, తక్కువ ధర ఫోనులో చూసి తేల్చుకోండి.

పుస్తకం అమ్మడం సైటులోనా, బయటా?

ఏడాదికి వందలోపు ప్రతులు అమ్ముడుపోయే చోట సైటులో దుకాణం తెరవడం వల్ల శ్రమే మిగులుతుంది. ప్రతులు దొరికే దుకాణాల లంకెలు, నవోదయ వంటి పుస్తకాల దుకాణాలలో దొరికితే ఆ సంగతి, నేరుగా కొనేవారికి వెల, పోస్టేజీ, యూపీఐ వివరం, చిరునామా పంపడానికి ఒక చిన్న ఫారం ఉంటే సరిపోతుంది. యూపీఐకి రుసుము లేదు. రేజర్‌పే వంటి చెల్లింపు ద్వారాలు 2 శాతం చుట్టూ తీసుకుని, దానిపై జీఎస్టీ కలుపుతాయి. అచ్చు పుస్తకం మీద మాత్రం జీఎస్టీ లేదు. పంపిణీకి తపాలా శాఖ 2025 మే 1న మొదలుపెట్టిన జ్ఞాన్ పోస్ట్ అనే పుస్తకాల తపాలా పథకం పరిధిలోకి మీ పుస్తకం వస్తుందేమో పోస్టాఫీసులో అడగండి. ఆరంభంలో 300 గ్రాముల వరకు 20 రూపాయలు, పన్ను అదనం అని ప్రకటించారు. మీ వ్యక్తిగత నంబరును సైటులో పెట్టే బదులు అమ్మకాలకు వేరే నంబరు ఉంచుకోవడం మేలు.

విదేశాలలో ఉన్న తెలుగువారి సంగతి వేరు. యూపీఐ వారికి చాలావరకు అక్కరకు రాదు, ఒక్క పుస్తకం అమెరికాకు పంపితే తపాలా ఖర్చు దాని వెలను మించిపోతుంది. వారికోసం ఈ-పుస్తకమో, అక్కడే అచ్చయి అందే ఏర్పాటో ఉంటే ఆ లంకెను విడిగా చూపండి. లేకపోతే డిసెంబరు, జనవరి నెలల్లో స్వదేశం వచ్చినప్పుడు తీసుకునేలా ప్రతులు పక్కన పెడతామని ఒక వాక్యం రాయండి.

సైటులో రచనలు పూర్తిగా పెట్టే ముందు ప్రచురణకర్తతో మీ ఒప్పందం చూసుకోవాలి. పత్రికలో వచ్చిన కథను, కొంత గడువు తరువాత పత్రిక పేరు, తేదీ పేర్కొని పెట్టుకోవడానికి సాధారణంగా ఎవరూ అభ్యంతరం చెప్పరు. సమీక్షల నుంచి రెండు మూడు వాక్యాలు ఉదహరించి లంకె ఇవ్వండి, సమీక్ష మొత్తాన్ని ఎత్తి పెట్టకండి.

ఎవరికి ఏది

ఒకటి రెండు పుస్తకాలు వేసి, అప్పుడప్పుడు రాసే కొత్త రచయితకు సొంత డొమైన్ తగిలించిన బ్లాగర్ చాలు. అందులో నాలుగు పేజీలు శ్రద్ధగా రాస్తే ఏ కంపెనీ సైటుకూ తీసిపోదు. ఏడెనిమిది పుస్తకాలుండి, సభలకూ పత్రికలకూ తరచు పరిచయాలు పంపవలసినవారు వర్డ్‌ప్రెస్ డాట్ కామ్ చందాకు వెళ్లడం మంచిది. తామే ప్రచురణకర్తలైనవారు, నిర్వహణ చూసే మనిషి ఉంటే సొంత హోస్టింగు తీసుకోవచ్చు, లేకపోతే ఆ ఆలోచన వాయిదా వేయండి. సమగ్ర సంపుటాలను అందరికీ అందించదలచిన వారసులు స్థిర పేజీల వైపు మొగ్గండి. బొమ్మల పుస్తకాలు వేసేవారికి, పిల్లల పుస్తకాల చిత్రకారులకు మాత్రం విక్స్ వంటి సేవలు నిజంగా సుఖంగా ఉంటాయి, ఎందుకంటే వారికి మూటకట్టవలసిన పాఠం తక్కువ.

వారసుల మాట వచ్చింది గనుక మరొక లెక్క కూడా చూడాలి. భారత కాపీరైటు చట్టం ప్రకారం రచన మీద హక్కు రచయిత మరణించిన మరుసటి సంవత్సరం మొదలు 60 ఏళ్లపాటు ఉంటుంది. డొమైన్ గడువు మాత్రం ముందే కట్టకపోతే ఏడాదికొకసారి తీరుతుంది, కార్డు రద్దయిన నాటి నుంచి కొద్ది నెలలలోనే సైటు కనుమరుగవుతుంది. అందుచేత డొమైన్‌ను వీలైనన్ని ఏళ్లకు ముందే కట్టివేసి, దానిని నమోదు చేసిన సంస్థ పేరు, వాడిన ఈమెయిలు, తరువాతి గడువు తేదీ, రచనల నకలు ఉన్న పెన్‌డ్రైవు ఎక్కడుందో ఒక కాగితం మీద రాసి ఇంట్లో బీమా పత్రాలుండే చోటనే పెట్టండి. గూగుల్ ఖాతాలో, కొంతకాలం మీరు వాడకపోతే అందులోని సమాచారాన్ని ఎవరికి అందజేయాలో ముందే నమోదు చేసే ఏర్పాటు ఉంది. బ్లాగర్ వాడేవారు దానిని ఈరోజే పూర్తిచేయవచ్చు. సైటు సిద్ధమైన వెంటనే ప్రతి పేజీ లంకెనూ ఇంటర్నెట్ ఆర్కైవ్ వారి వేబ్యాక్ మెషీన్‌లో ఒకసారి భద్రపరిస్తే, మీ డొమైన్ పోయిన తరువాత కూడా పాత లంకె తెలిసినవారు అక్కడికి వెళ్లి ఆ పేజీని చదువుకోగలుగుతారు.